కడప నాపబండలతో కట్టిన మా పూల్ హౌస్: నాలుగేళ్ల తర్వాత

మాది కడప దగ్గర పల్లె. ఇల్లు జేజినాయన కట్టించిన రాతి మిద్దె. దొడ్లో ఈతకొలను కట్టుకున్నప్పుడు పక్కనే పూల్ హౌస్ కూడా వేశాం: బట్టలు మార్చుకునే గది, బాత్రూమ్, మోటారు గది, ముందు పంచ. కొలతలు, ఖర్చు వదిలేస్తా. నేను చెప్పాల్సింది కింద పరిచిన బండల గురించి.

ఇంజనీరు టైల్స్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాత ఇంట్లో ఉన్నలాంటివే, నల్ల నాపబండలు యర్రగుంట్ల వైపు నుంచి తెప్పించాం. పంచలో పాలిష్ పట్టించకుండా గరుకుగానే ఉంచాం. పిల్లలు తడికాళ్లతో పరిగెత్తుతారు, ఇంతవరకు ఒక్కరూ జారలేదు. మే నెల మధ్యాహ్నం నీళ్లలోంచి లేచి ఆ బండ మీద వెల్లకిలా పడుకుంటే, చిన్నప్పుడు జేజి పక్కన నడవలో పడుకున్న చల్లదనమే వీపుకు తగులుతుంది. నాకు ఆ చల్లదనం చాలు.

రెండో వేసవిలో ఆ బండలకే దెబ్బ తగిలింది. మా బోరునీళ్లు బాగా కఠినం, కొలనులో పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) ఊరికే పెరుగుతుంది. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచడానికి యాసిడ్ పోస్తుంటాం. ఆ క్యాను మోటారు గదిలో బండ మీదే పెట్టేవాళ్లం. మూడు రోజులు ప్రొద్దుటూరులో పెళ్లికి పోయి వచ్చి తలుపు తీస్తే ముక్కు మండిపోయింది. క్యాను అడుగు పగిలి ఉంది. నల్లటి బండ బూడిదరంగుకు తిరిగింది, వేలితో రాస్తే పొడి లేస్తోంది. తలుపు బందులు తుప్పెక్కాయి. అంతకంటే భయపెట్టింది ఇంకోటి: మూరెడు దూరంలోనే క్లోరిన్ డబ్బా ఉంది. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మేస్త్రి వచ్చి బండను బొటనవేలితో రుద్ది చూశాడు. "నాపరాయంటే సున్నపురాయే కదన్నా, యాసిడ్ పడితే తినకుండా ఉంటుందా?" అన్నాడు. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నదే ఈ సున్నపురాయి కోసం. ఆ సంగతి ముందే తట్టనందుకు ఇప్పటికీ బాధే. ఇప్పుడు యాసిడ్ బయట నీడలో, ప్లాస్టిక్ తొట్టిలో ఉంటుంది. క్లోరిన్ వేరే గదిలో.

చల్లదనం గురించి చెప్పింది నీడ ఉన్నచోటి మాట. కొలను చుట్టూ ఎండలో కూడా నల్లబండలే వేయించాను. ఏప్రిల్ వస్తే పదకొండింటికే కాలు పెట్టలేం, గోనెపట్టలు తడిపి పరుస్తున్నాం. అక్కడ లేతరంగు బేతంచెర్ల బండలు వేయాలని ఉంది కానీ వాడి చూడనిదే మెచ్చుకోలేను. పూల్ హౌస్ పాత ఇంటికి తోబుట్టువులా ఉందని చుట్టాలంటారు. పంచలోంచి చూస్తే నిజమే. మిద్దెక్కి చూస్తే మాత్రం చౌడుమట్టి కప్పు పక్కన మా కాంక్రీటు స్లాబు విడిగానే కనిపిస్తుంది.

మాకు బోరులో నీళ్లున్నాయి, రాయి తెలిసిన మేస్త్రి ఊళ్లోనే ఉన్నాడు. ఈ రెండూ లేనివాళ్లకు కట్టమని చెప్పలేను. కట్టేవాళ్లు మాత్రం పంచ వరకు గరుకు నాపబండలే వేయించుకోండి.

యాసిడ్ తిన్న మూడు బండలను పారేయబుద్ధి కాలేదు. తులసికోట పక్కన పరిచాం. అమ్మ నీళ్లబిందె వాటి మీదే దించుతుంది.