.577 బ్లాక్ పౌడర్ ఎక్స్‌ప్రెస్ డబుల్ రైఫిల్: ఏళ్ల తరబడి వాడాక

విక్టోరియా కాలపు డబుల్ రైఫిల్ (రెండు బ్యారెళ్ల తుపాకీ) అనగానే చాలామంది చూపు 8 బోర్, 4 బోర్ లాంటి లావు గొట్టపు ఏనుగు తుపాకుల మీదికి పోతుంది. నా ఓటు మాత్రం .577 ఎక్స్‌ప్రెస్‌కే, అంటే అర అంగుళం దాటిన బోర్‌తో, బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) ఎక్కువగా పోసి గుండుని వేగంగా పంపే రకానికే. నేను వాడుతున్నది 1880ల నాటి బర్మింగ్‌హామ్ పనితనం. 3 అంగుళాల కేసు (తూటా గొట్టం), డమాస్కస్ బ్యారెళ్లు (ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికినవి), బయటికి కనిపించే హ్యామర్లు, కింద తుపాకీని తెరిచి మూసే జోన్స్ లీవర్. బరువు పదకొండున్నర పౌండ్లు, అంటే ఐదు కిలోల పైమాటే. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటలు జోరుగా సాగిన రోజులు ఈ ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ల రోజులే. ఇప్పుడు నేను అమెరికాలో దీన్ని పేల్చేది కాగితపు టార్గెట్ల మీదే. అక్కడ 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్‌లు. రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి, కొనేముందు చూసుకోవాలి.

ఈ తుపాకీ మంచిచెడ్డలన్నీ రెగ్యులేషన్‌లోనే, అంటే రెండు బ్యారెళ్లూ ఒకే చోట కొట్టేలా సర్దడంలోనే ఉన్నాయి. రెండు బ్యారెళ్లూ సమాంతరంగా ఉండవు, మూతుల దగ్గర కొంచెం దగ్గరవుతాయి. కుడి బ్యారెల్ పేలినప్పుడు తుపాకీ కుడికీ పైకీ తన్నుకుంటుంది, ఎడమది పేలితే ఎడమకి. గుండు మూతి దాటేలోపు ఆ కదలిక ఎంత ఉంటుందో లెక్కగట్టి, పేల్చి చూస్తూ, బ్యారెళ్లను సర్ది టంకం వేశారు. అందుకే ఒకే ఒక్క లోడ్‌కి (పౌడర్, గుండు కలయికకి) ఇది సరిగ్గా కొడుతుంది. లోడ్ నెమ్మదిదైతే గుండు బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కుడిది మరీ కుడికి, ఎడమది మరీ ఎడమకి పోతాయి. వేగం ఎక్కువైతే రెండూ అడ్డం దాటి తారుమారవుతాయి. టార్గెట్ మీద ఈ ఒక్క గుర్తు చదవడం వస్తే సగం పని అయినట్టే.

నా దానికి కుదిరింది 6 డ్రాముల, అంటే 164 గ్రెయిన్ల (గ్రెయిన్ సుమారు 0.065 గ్రాము) బ్లాక్ పౌడర్, 520 గ్రెయిన్ల గుండు. వేగం సెకనుకు సుమారు 1,700 అడుగులు. గుండుకి 20 పాళ్ల సీసం, 1 పాలు తగరం. పౌడర్‌ని పొడవాటి గొట్టంలోంచి మెల్లగా పోయాలి. దాని మీద అట్ట వాడ్ (బిరడాలాంటి బిళ్ల), తేనెమైనం, కొవ్వు పట్టించిన ఫెల్ట్ వాడ్, మళ్లీ పల్చటి అట్ట, ఆపైన గుండు. పౌడర్‌కీ వాడ్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు, కొంచెం నొక్కుకునే ఉండాలి. ఖాళీ వదిలితే బ్యారెల్ ఉంగరంలా ఉబ్బే ప్రమాదం ఉంది. గుండు వ్యాసం పుస్తకంలో చూసి తీసుకోకండి. మెత్తని సీసాన్ని బోర్‌లోంచి తోసి, గాడుల లోతు దాకా కొలవండి. బోర్లు ఒక్కో తుపాకీకి ఒక్కోలా ఉంటాయి. స్మోక్‌లెస్ పౌడర్ జోలికి నేను పోను. ఈ బ్యారెళ్లు ఆ ఒత్తిడికి ప్రూఫ్ (అధికారిక ఒత్తిడి పరీక్ష) అయినవి కావు.

జోన్స్ లీవర్ 1859 నాటి పేటెంట్. రీలోడ్ నెమ్మదే కానీ, స్క్రూ బిగింపులా లాగి పట్టుకుంటుంది కాబట్టి ఇంతకాలానికీ ఊగులాట రాలేదు. ఖాళీ కేసుని బయటికి విసిరే ఎజెక్టర్ లేదు, ఎక్స్‌ట్రాక్టర్ కేసుని కొద్దిగా పైకి నెడుతుంది, చేత్తో లాగాలి. ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) తుప్పు గుంటలుంటే కేసు అక్కడే ఇరుక్కుంటుంది.

బెంచి మీద ఇసుక సంచిపై బ్యారెళ్లు ఆనించి పేల్చొద్దు. గురి మారిపోతుంది, పైగా తన్ను స్టాక్ మెడ మీద పడి, లాక్ (హ్యామర్‌ని నడిపే యంత్రాంగం) ప్లేట్ల వెనక చీలిక వస్తుంది. నిలబడి, చేతిని స్టాండ్ మీద ఆనించండి. లోడ్ పరీక్షించేటప్పుడు ఒక్క హ్యామరే ఎత్తండి. లోపల హ్యామర్‌ని ఎత్తి పట్టే నాచ్‌లు (గాట్లు) అరిగితే మొదటి తన్నుకే రెండోది కూడా పేలుతుంది. అది ఆకురాయితో సరిచేసుకునే పని కాదు, పాత లాక్‌లు తెలిసిన గన్‌స్మిత్‌కి ఇవ్వాల్సిందే.

శుభ్రం చెయ్యడం అదే రోజు. బ్లాక్ పౌడర్ మసి గాలిలో తేమని లాగి ఇనుముని తినేస్తుంది. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో తడిపిన గుడ్డలు వాడి, ఆరబెట్టి, అప్పుడు నూనె. ముందే పెట్రోలియం నూనె పోస్తే మసి తారులా అంటుకుంటుంది. బ్యారెళ్లని నీళ్లలో ముంచకండి. రిబ్ (రెండు బ్యారెళ్ల మధ్య అతికిన పట్టీ) టంకం ఎక్కడైనా విడిపోయి ఉంటే లోపలికి నీళ్లు చేరి, బయటికి ఏమీ కనిపించకుండా తుప్పు పడుతుంది.

కొనేవాళ్లు ముందుగా ఆ రిబ్‌నే చూడాలి. బ్యారెళ్లని విడదీసి, కింద ఉండే కొక్కెం దగ్గర వేలాడదీసి వేలితో కొట్టండి. గణగణలాడితే సరే, బొంగురుగా మోగినా, గిలగిలమన్నా టంకం పోయినట్టే. ఫోర్ఎండ్ (బ్యారెళ్ల కింది చెక్క) తీసేసి, మూసిన తుపాకీని పక్కకి ఊపి కదలిక చూడండి. 1887 నిబంధనల తర్వాత ప్రూఫ్ అయిన చాలా రైఫిళ్లకి బ్యారెళ్ల కింద ఛార్జి, గుండు బరువు కొట్టి ఉంటాయి, అది గరిష్ఠమని గుర్తుంచుకోండి. స్ట్రైకర్ (ప్రైమర్‌ని, అంటే తూటా అడుగునున్న నిప్పంటించే మూతని, కొట్టే పిన్ను) రంధ్రం అంచు కూడా చూడండి. అది అరిగి పెద్దదయితే ప్రైమర్ లోపలికి ఉబ్బి తుపాకీ తెరుచుకోదు.