పోస్ట్‌ఫిక్స్ రివ్యూ: పలాసలో కరెంటు పోయినా మెయిల్ పోకూడదంటే

విజయనగరంలో హెడ్ ఆఫీసు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, రెండు చోట్లా చెరో మెయిల్ సర్వర్. బయటి మెయిల్ అంతా ముందు విజయనగరంలో దిగుతుంది. పలాస వాళ్లది అక్కడి నుంచి పలాసకి చేరాలి. ఇలా మధ్యలో నిలబడి మెయిల్‌ని అందించే పనికి పోస్ట్‌ఫిక్స్ ఎలా ఉంటుందన్నదే ఈ రివ్యూ. వీట్సే వెనెమా ఐబీఎంలో పనిచేస్తూ రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 1998లో బయటికొచ్చింది. ఉచితం, లైనక్స్ మీద నడుస్తుంది. ఈ పనికి పెద్ద మెషీన్ కొనక్కర్లేదు.

సెటప్‌లో అసలు పని మూడు చోట్ల ఉంది. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే మెయిన్ డాట్ సీఎఫ్ ఫైల్లో, ఎవరి మెయిల్ అందుకుని ముందుకు పంపాలో చెప్పే రిలే డొమైన్స్ దగ్గర పలాస యూనిట్ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి భాగం) రాయాలి. ఏ డొమైన్ మెయిల్ ఏ దారిన వెళ్లాలో రాసే ట్రాన్స్‌పోర్ట్ ఫైల్లో ఆ డొమైన్ ఎదురుగా ఎస్ఎంటీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి) అని పెట్టి, కోలన్ తర్వాత పలాస సర్వర్ ఐపీని స్క్వేర్ బ్రాకెట్లలో ఇవ్వాలి. ఆ ఫైల్ ఎక్కడుందో మెయిన్ డాట్ సీఎఫ్‌లోని ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్స్ లైనులో చెప్పాలి. తర్వాత ఆ ఫైల్‌ని పోస్ట్‌ఫిక్స్ చదివే డేటాబేస్‌గా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్, ఆపైన రీలోడ్. పోస్ట్‌మ్యాప్ మరిచిపోతే మార్చిన లైను ఫైల్లో కనబడుతుంది గానీ పోస్ట్‌ఫిక్స్ పాత దారినే పట్టుకుని ఉంటుంది. డేటాబేస్ అసలు ఫైల్ కన్నా పాతదని లాగ్‌లో హెచ్చరిక వస్తుంది, చూడండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ బ్రాకెట్ల దగ్గరే. ఐపీకి బదులు సర్వర్ పేరు రాసి బ్రాకెట్లు వదిలేస్తే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎమ్ఎక్స్ రికార్డు, అంటే దాని మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో ఇంటర్నెట్‌లో రాసి ఉన్న వివరం, వెతుకుతుంది. ఆ ఎమ్ఎక్స్ విజయనగరం సర్వర్‌నే చూపిస్తుంటే మెయిల్ తిరిగి తన గుమ్మంలోకే వస్తుంది. అప్పుడు లాగ్‌లో 'లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్' అని పడుతుంది. బ్రాకెట్ అంటే ఎమ్ఎక్స్ అడగకు, నేరుగా ఈ మెషీన్‌కే వెళ్లు అని అర్థం. ఇంకో పొరపాటు, అదే డొమైన్‌ని మైడెస్టినేషన్‌లో (ఈ సర్వరే ఆఖరి మజిలీ అయిన డొమైన్ల లైను) కూడా రాయడం. అలా రాస్తే ఆ డొమైన్ తన సొంతమే అనుకుని పలాస యూజర్ల కోసం విజయనగరంలోనే వెతుకుతుంది. రెండింటిలో ఒక్క చోటే ఉండాలి.

ఈ ప్రాంతానికి పోస్ట్‌ఫిక్స్ ఎందుకు నచ్చాలంటే దాని క్యూ వల్ల, అంటే ఇంకా చేరని మెయిల్ నిలబడే వరస వల్ల. పలాస సర్వర్ అందకపోతే మెయిల్ విజయనగరం డిస్క్ మీద భద్రంగా ఉంటుంది, మెషీన్ రీస్టార్ట్ అయినా చెక్కుచెదరదు. కానీ డిఫాల్ట్ గడువు 5 రోజులే. అది దాటితే పంపినవాళ్లకి బౌన్స్, అంటే మెయిల్ చేరలేదన్న తిరుగు కబురు, వెళ్లిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే మాక్సిమల్ క్యూ లైఫ్‌టైమ్‌ని 15 రోజులకి పెంచండి. గాలి మొదలయ్యాక మార్చి రీలోడ్ చేసినా అప్పటికే క్యూలో ఉన్న మెయిల్‌కి కొత్త గడువు వర్తిస్తుంది. డిలే వార్నింగ్ టైమ్ డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఆలస్యమైనా ఎవరికీ కబురు వెళ్లదు. దాన్ని 4 గంటలు చేస్తే ఇంకా చేరలేదని పంపినవాళ్లకి తెలుస్తుంది. ఫోనైనా చేసుకుంటారు.

కరెంటు వచ్చిన వెంటనే మెయిల్ దిగదు. మళ్లీ మళ్లీ విఫలమైన మెయిల్‌కి ప్రయత్నాల మధ్య ఎడం 4000 సెకన్ల దాకా, అంటే గంట దాటి పెరుగుతుంది. పోస్ట్‌క్యూ కమాండ్‌కి మైనస్ ఎస్ తగిలించి పలాస డొమైన్ పేరు ఇస్తే దానివి మాత్రం వెంటనే కదులుతాయి. మైనస్ ఎఫ్ అంటే మొత్తం క్యూ కదులుతుంది, అంత అవసరం ఉండదు.

సైజు దగ్గర జాగ్రత్త. ఒక్కో మెయిల్‌కి డిఫాల్ట్ పరిమితి 10240000 బైట్లు, అంటే సుమారు 10 ఎంబీ. అటాచ్‌మెంట్ మెయిల్లో వెళ్లేటప్పుడు సుమారు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి ఏడున్నర ఎంబీ దాటిన ఇన్‌వాయిస్ స్కాన్ తిరిగి వచ్చేస్తుంది. పెంచితే రెండు సర్వర్లలోనూ పెంచాలి. విజయనగరంలో మాత్రమే పెంచితే అది పుచ్చుకుంటుంది, పలాస కాదంటుంది, మధ్యలో బౌన్స్ పుడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం డిఫాల్ట్ సెట్టింగ్ నాకు అసలు నచ్చదు. ముందుకు పంపే డొమైన్లో ఏయే అడ్రస్‌లున్నాయో చెప్పే రిలే రెసిపియెంట్ మ్యాప్స్ ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే పలాస డొమైన్‌లో లేని పేరుకి వచ్చిన స్పామ్‌ని కూడా విజయనగరం తీసుకుంటుంది, పలాస తిప్పికొడుతుంది, ఆ బౌన్స్ స్పామర్లు దొంగగా వాడుకున్న అడ్రస్‌కి, అంటే ఏ పాపం ఎరగనివాళ్ల ఇన్‌బాక్స్‌కి పోతుంది. కొన్నాళ్లకి మీ ఐపీ బ్లాక్‌లిస్టు ఎక్కుతుంది. పలాస అడ్రస్‌ల జాబితా ఒకటి ఇక్కడ తప్పనిసరిగా ఉంచండి. కొత్తగా చేరిన ఉద్యోగి పేరు అందులో చేర్చకపోతే 'యూజర్ అన్‌నోన్ ఇన్ రిలే రెసిపియెంట్ టేబుల్' అని వస్తుంది, కంగారు పడకండి. జాబితా బదులు పలాస సర్వర్‌నే అడిగి తేల్చుకునే పద్ధతీ ఉంది. కానీ ఆ సర్వర్ ఆగి ఉన్నప్పుడు కొత్త అడ్రస్‌లకి 450, అంటే ఇప్పుడు కాదు తర్వాత రా అని చెప్పి మెయిల్‌ని గుమ్మంలోనే నిలిపేస్తుంది. క్యూ కోసమే దీన్ని పెట్టుకున్నవాళ్లకి అది పనికిరాదు.

మౌస్‌తో నొక్కి సెట్ చేసుకునే స్క్రీన్ దీంతో రాదు. మెయిల్‌బాక్సులు తెరిచి చదువుకోవడానికి డవ్‌కాట్ లాంటిది వేరే ఉండాలి. బయటికి పంపేటప్పుడు చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25 పోర్టు మూసి ఉంటుంది. అప్పుడు రిలేహోస్ట్ (మన మెయిల్‌ని బయటికి చేరవేసే వేరే సర్వర్) పెట్టి 587 పోర్టు మీద పాస్‌వర్డ్‌తో పంపాలి. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ అంటే భయం లేని మనిషి ఒక్కరైనా ఉన్న ఆఫీసుకి 5కి 4న్నర ఇస్తాను. అలాంటివారు లేకపోతే తీసుకోవద్దు.

పెట్టినవాళ్లు సెప్టెంబరులోనే ఒక రోజు పలాస సర్వర్ ఆపి, బయటి అకౌంట్ నుంచి దానికో మెయిల్ పంపండి. పోస్ట్‌క్యూ మైనస్ పీ కొడితే విజయనగరం క్యూలో అది కనబడాలి. సర్వర్ మళ్లీ ఆన్ చేసి మైనస్ ఎస్ ఇచ్చాక పలాస ఇన్‌బాక్స్‌లో చూసుకోండి.