ముక్కు అలర్జీకి ఆక్యుపంక్చర్: చాలాకాలం వాడాక సమీక్ష

వానలు పడ్డ కొద్ది వారాలకే అనంతపురం చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లన్నీ వయ్యారిభామ పూలతో తెల్లబడతాయి. ఆ వెనకే వేరుశనగ కట్టె పీకి, ఆరబెట్టి, మిషన్‌కు వేసే రోజులొస్తాయి. పుప్పొడి ఒకపక్క, దుమ్ము ఒకపక్క. తెల్లారి లేవగానే వరసపెట్టి తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద ఉన్నవాళ్ల కోసమే ఒంటిమీద కొన్ని చోట్ల సన్న సూదులు గుచ్చే ఈ ఆక్యుపంక్చర్ సమీక్ష. నడుంనొప్పికో మోకాళ్లకో సూదులు వేయించుకునేవాళ్ల లెక్క వేరు.

ఫలితం ఉంది, కానీ కొంచెమే. అదీ కోర్సు నడిచినన్నాళ్లు, ఆ తర్వాత మరికొన్ని వారాలు. తుమ్ములు తగ్గుతాయి, రాత్రి ముక్కు దిబ్బడ సడలి నిద్ర పడుతుంది, సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర రోజూ వేసుకునేవాళ్లు కొన్ని రోజులు మానగలుగుతారు. అలర్జీ పోవడం మాత్రం ఉండదు. మరుసటి ఏడు పూత మొదలైతే మళ్లీ మొదటికే. జర్మనీలో 422 మంది మీద జరిపి 2013లో వెలువరించిన పరీక్షలో తేలిందీ దాదాపు ఇదే. ఎనిమిది వారాల్లో 12 సిట్టింగులు ఇచ్చారు. కొందరికి అసలు పాయింట్లలో, అంటే ఈ వైద్యం సూదికి చెప్పే చోట్లలో, కొందరికి పాయింట్లు కాని చోట పైపైన గుచ్చారు, ఇంకొందరికి సెట్రిజిన్ మాత్రమే. ఎనిమిదో వారానికి అసలు సూదుల వాళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు. పదహారో వారానికి ఆ తేడా మిగల్లేదు.

ఇక బోర్డుల మీద కనిపించే ‘ఇమ్యూనిటీ పెంచే ప్యాకేజీ’ సంగతి. అలర్జీ అంటేనే రోగనిరోధక వ్యవస్థ అక్కర్లేని చోట అతిగా స్పందించడం. దాన్ని ఇంకా పెంచితే ముక్కు ఇంకా కారాలి కదా! ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించింది కూడా పెంచడం కాదు, వాపును అణచడం. కాలి పాయింటులో గుచ్చిన సూదికి స్వల్ప కరెంటు పంపితే ఆ సంకేతం మెదడు నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నరం ద్వారా మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథికి చేరుతుంది, అక్కడ డోపమైన్ లాంటివి విడుదలై వాపు రసాయనాలు తగ్గుతాయని 2014లో చూపించారు. హార్వర్డ్ పరిశోధకులు 2021లో ఆ పని చేసే నరకణాలనే గుర్తించారు. అవి వెనక కాలి లోపలి కణజాలంలో ఉన్నాయి, పొట్ట గోడలో లేవు. అందుకే ఎక్కడ గుచ్చినా ఒకటే అనడానికి లేదు. ఎక్కువ కరెంటు పొట్ట మీద పెడితే, జబ్బు రాకముందైతే మేలు, వచ్చాకైతే కీడు జరిగిందని 2020 ప్రయోగం చెప్పింది. ఇదంతా ఎలుకల్లో. మనిషికి జలుబులు రాకుండా చేస్తుందని దీన్ని పట్టుకుని చెప్పకూడదు.

ఆ కాలి పాయింటే జు సాన్ లీ. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట ఉంటుంది. అక్కడి నుంచి రోగి వేళ్లతోనే నాలుగు వేళ్లు కిందికి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు బయటికి. వేసేవారు తన వేళ్లతో కొలిస్తే పొట్టివాళ్లకు తప్పుతుంది. దీనికి 0.25 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవు సూది సరిపోతుంది, అంగుళం దాకా దిగుతుంది. ముక్కు రెక్కల పక్కన, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో, మోచేయి మడత బయటి కొసన మిగతా సూదులు పడతాయి. ముక్కు పక్కన సన్న సూది, 0.20 మి.మీ.ది, ఏటవాలుగా. అక్కడ గుచ్చగానే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అది మామూలే.

సూది దిగాక సన్నగా తిప్పుతారు. లోపల బరువుగా, లాగినట్టుగా మందకొడి నొప్పి రావాలి. కరెంటు కొట్టినట్టు పాదం దాకా జివ్వుమంటే నరానికి తగిలినట్టు. ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి, కొంచెం వెనక్కి లాగుతారు. ఆ తర్వాత 20 నుంచి 30 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. కాలు కదిపితే కండ బిగుసుకుని సూది వంగుతుంది, తీసేటప్పుడు ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే బలంగా పీకకూడదు. పక్కన మెల్లగా తట్టి, కండ వదులయ్యాక తీయాలి.

పరగడుపున మాత్రం వెళ్లొద్దు. మే నెల ఎండలో బస్సు దిగి నేరుగా, చెమటతో, ఏమీ తినకుండా బల్లెక్కినవాళ్లకే ఎక్కువగా కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు సూదులన్నీ తీసేసి, కాళ్లు ఎత్తి పెట్టి పడుకోబెట్టాలి. మొదటి సిట్టింగు కూర్చోబెట్టి వేస్తామంటే ఒప్పుకోవద్దు.

సూది ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి. స్టెరైల్ అన్న ముద్ర, గడువు తేదీ చూడండి. స్టీలు ట్రేలో స్పిరిట్‌లో నానబెట్టిన సూదులు కనబడితే లేచి వచ్చేయడమే. స్పిరిట్‌లో నానబెట్టినంత మాత్రాన సూది స్టెరైల్ కాదు, వాడిన సూదుల వల్ల హెపటైటిస్ బి సోకిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. భుజాల పైన, వీపు పైభాగంలో నిలువుగా లోతుగా గుచ్చడం ఇంకో ప్రమాదం, ఊపిరితిత్తి పొరకు తగిలి దాని చుట్టూ ఛాతీలో గాలి చేరుతుంది. ముక్కు అలర్జీకి అక్కడ లోతు సూదులు అక్కర్లేదు. చెవి మీద రోజుల తరబడి అంటించి వదిలే చిన్న పిన్నులు నాకు నచ్చవు, చెవి మృదులాస్థికి చీము పడితే మానడం కష్టం.

కెమోథెరపీలో తెల్లకణాలు పడిపోయినవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. గర్భిణులకు బొటనవేలు, చూపుడువేలు మధ్య పాయింటు వేయరు. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టొద్దు. తాడిపత్రి రాతి పాలిష్ యూనిట్లలో ఏళ్ల తరబడి పనిచేసి దగ్గుతున్నవాళ్లకు దీంతో పని లేదు. అది రాతిదుమ్ము కావచ్చు, ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ మానకూడదు.

కొన్నిచోట్ల కోర్సుకు ముందూ తర్వాతా రక్తపరీక్ష చేయించి ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లకణాలు) తగ్గాయని చూపిస్తారు. ఆ సంఖ్య రోజులోనే పైకీ కిందికీ ఊగుతుంది, పూత తగ్గినా తగ్గుతుంది, నులిపురుగుల మాత్ర వేసుకున్నా తగ్గవచ్చు. దానికి డబ్బు పెట్టేకంటే తుమ్ములు, వేసుకున్న మాత్రలు రోజూ ఒక కాగితం మీద రాసుకోవడం మేలు. ఆరు సిట్టింగులకు ఆ కాగితంలో ఏ మార్పూ లేకపోతే మిగతా ప్యాకేజీకి డబ్బు కట్టొద్దు. మొత్తం ముందే కట్టించుకునేచోట బేరమాడండి, విడివిడిగా ఇస్తారు.

మొదట వారానికి రెండు, నాలుగు వారాల తర్వాత ఒకటి చొప్పున వేయించుకుంటే చాలు. పూత ముదిరాక మొదలుపెట్టినవాళ్లకంటే, వయ్యారిభామ మొగ్గ దశలో ఉండగానే మొదలుపెట్టినవాళ్లకు బాగుంటుందని నా అంచనా. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే వాడేవాళ్లు దాన్ని ఆపకుండానే ఇది చేయించుకోవాలి. సిట్టింగ్ రోజున కూడా స్ప్రే కొట్టుకునే వెళ్లొచ్చు.