బాపు గారి ‘ఒరిజినల్’ బొమ్మలు కొనేవారికి హెచ్చరిక: ఫ్రేము విప్పకుండా డబ్బు ఇవ్వకండి

బాపు గారి గీతలు సేకరించే మిత్రులారా, జాగ్రత్త. హైదరాబాద్‌లో పాత పుస్తకాలు, బొమ్మలు అమ్మే ఒక వ్యాపారి ‘ఇండియన్ ఇంకుతో వేసిన ఒరిజినల్’ అని నాకు అంటగట్టింది ఇంక్‌జెట్ ప్రింటు. విప్పి చూపించమంటే ‘పాత కాగితం సార్, గాలి తగిలితే చిట్లిపోతుంది’ అన్నాడు. అంత సుకుమారమైన కాగితాన్ని ప్యాకింగ్ టేపుతో అట్టకు అంటించింది మాత్రం ఆయనే!

ఇంట్లో విప్పి, పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెట్టాను. చేత్తో వేసిన సిరా గీత కాగితం పీచులోకి కొద్దిగా ఇంకి, ఒకే నలుపుగా కనిపిస్తుంది. ఇక్కడ గీత అంచుల నిండా నీలం, గులాబీ, పసుపు చుక్కలు. మూలనున్న తేమ మరక కూడా చుక్కలే. మరకను సైతం అచ్చు వేశారు! చీర కుచ్చెళ్ల దగ్గర సన్నగీతలు అలుక్కుపోయి ఉన్నాయి, ఈ బొమ్మ వచ్చిన పాత వారపత్రికలో సిరా పూడుకుపోయినట్టే. పత్రిక పేజీనే స్కాన్ చేసి పెద్దది చేశారన్నమాట.

సంతకం చూసి నమ్మకండి. దశాబ్దాల పాటు అచ్చయిన సంతకం అది, ఎవరైనా దించగలరు. ‘ఇది నేను వేసింది కాదు’ అని చెప్పడానికి 2014 నుంచి ఆయన లేరు. అమ్మేవాడు తానే ముద్రించుకున్న ధ్రువపత్రానికీ విలువ లేదు. బొమ్మ ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ పత్రిక కోసం వేసింది అని అడగండి. పత్రికల కోసం వేసిన అసలు ప్రతుల అంచుల్లో తరచూ కొలతలు, పెన్సిల్ గుర్తులు, తెల్ల రంగుతో చేసిన దిద్దుబాట్లు ఉంటాయి. బిల్లులో చిత్రకారుడి పేరు, కొలతలు, ‘చేతితో గీసిన అసలు చిత్రం’ అన్న మాట రాయించుకోండి. నాకు అమ్మిన వ్యాపారి రాసిచ్చేది ‘ఫ్రేము, ఒకటి’ అని!

నిజమైన బొమ్మ దొరికినా ఇలాంటి ఫ్రేములో ఉంచవద్దు. ఆమ్లం ఉన్న అట్ట కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది, టేపు జిగురు మరక పడితే ఇక పోదు. ఆమ్లరహిత మౌంట్ (బొమ్మ చుట్టూ వేసే అట్ట) వేయించి, అద్దం బొమ్మకు తగలకుండా చూడండి. లామినేషన్ మాట ఎత్తిన దుకాణం నుంచి వెంటనే బయటికి వచ్చేయండి.

డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. నా దగ్గరున్న బొమ్మే మరో ‘ఒరిజినల్’ ఆయన దుకాణంలో మళ్లీ అమ్మకానికి వచ్చింది. కింద కుడి మూలన అదే మరక, అదే ఆకారంలో ఉంది, చూసుకోండి.