ఆదివారం తరగతిలో కాంట్ నుంచి హెగెల్ దాకా

నారాయణగూడ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో, ఆదివారం సాయంత్రాలు తత్వశాస్త్ర తరగతులు జరుగుతున్నాయి. ఈ విడతలో తీసుకున్న అంశం జర్మన్ భావవాదంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దం చివర కాంట్‌తో మొదలై హెగెల్ దాకా సాగిన తత్వధారలో, చైతన్యం, స్వచైతన్యం (తనను తాను ఎరగడం). మొదటి నుంచి చివరి దాకా విన్నాను. తెలుగులో ఈ విషయాన్ని ఇంత శ్రద్ధగా బోధించే చోటు హైదరాబాదులో నాకు మరొకటి తెలియదు కనుక, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఈ కోర్సు బలమంతా ఒకే ప్రశ్నను చివరి దాకా పట్టుకుని ఉండటంలోనే ఉంది. నన్ను నేను ఎలా ఎరుగుదును? ఎదుట ఉన్న వస్తువును చూసినట్లే నన్ను నేను చూసుకుంటున్నానంటే, అలా కనిపించినది నేనేనని గుర్తించడానికి నేనెవరో నాకు ముందే తెలిసి ఉండాలి. అప్పుడు ఆ చూపు వల్ల కొత్తగా తెలిసిందేమీ లేదు. అధ్యాపకురాలు ఈ చిక్కును మొదటి రోజే బోర్డు మీద రాసి, ఆ తరువాత వచ్చిన ప్రతి తత్వవేత్తనూ దానికి ఏం జవాబు చెప్పావని నిలదీస్తూ వెళ్ళారు.

కాంట్‌కు ఎక్కువ సమయం ఇచ్చారు, అది సరైన నిర్ణయం. ఆయన ‘శుద్ధబుద్ధి విమర్శ’ 1781లో వచ్చింది. అందులో స్వచైతన్యాన్ని చర్చించే భాగాన్ని 1787లో రెండవ కూర్పు కోసం తిరిగి రాశాడు. ‘నేను ఆలోచిస్తున్నాను’ అనే ఎరుక నా తలపులన్నిటికీ తోడు రాగలగాలి అన్న వాక్యం ఉన్న పుట జిరాక్సు తీయించి అందరికీ పంచి, ఒక్కొక్క వాక్యం చదువుతూ ఆగి వివరించారు. ప్రతి తలపు వెంటా ఆ ఎరుక ఎల్లవేళలా ఉంటుందని కాంట్ అనడం లేదని, ఉండే అవకాశం లేని తలపు నాది కాజాలదని మాత్రమే అంటున్నాడని నాకు ఆ రోజే స్పష్టపడింది. తరువాత కాంట్ స్వయంగా మొదటి కూర్పులో ప్రస్తావించిన ఉదాహరణనే తరగతిలో చేసి చూపించారు. అందరికీ కంఠస్థమైన ఒక పద్యంలోని మాటలను ముందు వరుసలోని నలుగురికి తలా ఒకటి చీటీ మీద రాసి ఇచ్చారు. ఎవరి మాట వారికి తెలుసు, పద్యం ఎవరికీ తెలియదు. మాటలన్నీ ఒకే ఎరుకలో కలిస్తే తప్ప పద్యం లేదు. అయితే ఆ ఏకత్వాన్ని చూసి లోపల నాశనం లేని ఆత్మ అనే పదార్థం ఉందని తేల్చేయడం చెల్లదన్నది కాంట్ అసలు వాదమని వెంటనే జోడించారు.

అప్పుడే ఒక పెద్దాయన లేచి, ఇది అన్నిటినీ చూస్తూ ఉండేదని మన అద్వైతం చెప్పే సాక్షి చైతన్యమే కదమ్మా అని అడిగారు. మన సభల్లో సాధారణంగా ఈ ప్రశ్నతో చర్చ వేదాంతం వైపు వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి రాదు. ఆమె అలా వెళ్ళనివ్వలేదు. అద్వైతంలో సాక్షి స్వయంప్రకాశం, దాన్ని ఎరగడానికి మరొకటి అక్కర్లేదు. కాంట్ దగ్గర నేను నాకు కనిపించే తీరులోనే తెలుస్తాను తప్ప ఉన్న తీరులో తెలియను, కాబట్టి ఈ రెండూ ఒకటి కావు అని మర్యాదగా, గట్టిగా చెప్పారు. రెండు సంప్రదాయాలకూ న్యాయం చేసిన జవాబు అది.

కాంట్ బాటలో వచ్చిన తత్వవేత్త ఫిఖ్టే మీద జరిగిన తరగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. 1794లో యేనా విశ్వవిద్యాలయానికి వచ్చిన ఫిఖ్టే తన విద్యార్థులను ముందు గోడను తలచుకోమని, ఆపై గోడను తలచుకున్నవాడిని తలచుకోమని అడిగేవాడని ఆ పాఠాలు విన్న స్టెఫెన్స్ రాసిపెట్టాడు. మాచేతా అదే చేయించారు. చెమ్మ మరక పట్టిన హాలు గోడను చూస్తూ కూర్చున్నాం. రెండవ మెట్టు దగ్గర అందరం తడబడ్డాం. తలచుకున్నవాడిని కూడా వస్తువుగా నిలబెడితే వాడిని చూసేందుకు మరొకడు కావాలి, వాడికి ఇంకొకడు. ముందు ఒక ‘నేను’ ఉండి ఆ తరువాత పని చేయడం కాదు, తనను తాను నిలుపుకునే చర్యే ‘నేను’ అన్న ఫిఖ్టే జవాబు ఆ తడబాటు తరువాత చెప్పడం వల్లే మనసుకు పట్టింది. 1799లో నాస్తికత ఆరోపణ మీద ఆయన ఉద్యోగం పోయిన సంగతి, ఆయన తరువాతి తత్వవేత్త షెల్లింగ్ 1800లో ప్రకృతిలోనే చైతన్యానికి పూర్వచరిత్ర వెతికిన సంగతి క్లుప్తంగా చెప్పారు. షెల్లింగ్‌కు ఇంకొంత చోటు దక్కి ఉండాల్సింది.

లోపం హెగెల్ దగ్గర వచ్చింది. ఆయన 1807 నాటి గ్రంథం ‘ఫినామినాలజీ ఆఫ్ స్పిరిట్’లో, ఒకరి గుర్తింపు కోసం మరొకరు ప్రాణాలొడ్డి పోరాడాక ఒకరు యజమానిగా, మరొకరు దాసుడిగా మిగిలే ఘట్టాన్ని చివరి తరగతిలో హడావుడిగా ముగించారు. యజమాని కోరిన గుర్తింపు, తాను మనిషిగా గుర్తించని దాసుడి నుంచి వస్తుంది గనుక దానికి విలువ లేకుండా పోతుందన్న సగం చెప్పారు. మరణభయాన్ని ఎదుర్కొన్న దాసుడు వస్తువును మలచే శ్రమలో తన చైతన్యాన్నే ఎదుట చూసుకుంటాడన్న మిగతా సగానికి సమయం చాలలేదు. దీనికి ముందుమెట్టు ఫిఖ్టే 1796లోనే వేశాడు: స్వేచ్ఛ గల మరొక వ్యక్తి నన్ను పిలిచి, నా నుంచి స్పందన కోరినప్పుడే నేను నన్నుగా ఎరుగుతానని వాదించాడు. ఆ మాట ఎక్కడా రాకపోవడంతో, ఒంటరి ‘నేను’ నుంచి ఇద్దరి మధ్య పుట్టే ‘నేను’కు ఎలా వచ్చామో కొత్తవారికి అర్థమై ఉండదు. నిర్వాహకులకు ఇదే రాసి పంపాను. హెగెల్‌కు కనీసం రెండు తరగతులు కేటాయించమని కోరాను.

సౌకర్యాల విషయానికొస్తే, రుసుము అందుబాటులోనే ఉంది, విద్యార్థులకు తగ్గింపు కూడా ఇస్తున్నారు. వెనక వరుసల్లో కూర్చుంటే రోడ్డు మీది హారన్ల మధ్య మాట సరిగ్గా వినబడదు, కాబట్టి కాస్త ముందుగా వెళ్ళడం మంచిది. పార్కింగ్ లేదు, మెట్రోలో రావడమే సుఖం. తెలుగు నోట్సు శుభ్రంగా ఉంది, పారిభాషిక పదాలకు వివరణ ఇచ్చారు. ఉస్మానియా పీజీ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన లెక్చరర్లు కలిసి కూర్చునే తరగతి కావడంతో ప్రశ్నలు బాగా వచ్చాయి. తత్వశాస్త్రం అసలే చదవనివారు చేరదలిస్తే, కాంట్ రెండవ కూర్పులోని 16వ విభాగాన్ని ఏ అనువాదంలోనైనా ముందుగా ఒకసారి చదువుకుని వెళ్ళండి. అది కొన్ని పుటలే, కానీ మొదటి తరగతి నుంచే చర్చను అందుకోగలుగుతారు.