ఆటగాణ్ణి కొనుక్కోవాలా, తయారుచేసుకోవాలా?

సంక్రాంతికో తిరునాళ్లకో కబడ్డీ పోటీలు దగ్గరపడితే చాలు, కావలి నుంచి చీమకుర్తి దాకా ఊరి జట్లు నడిపే కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఉన్న డబ్బుతో బయటినుంచి ఇద్దరు ప్లేయర్లను దించుదామా, మన పిల్లలతోనే ఆడదామా?" దేశమంతటి పెద్ద లీగ్ ప్రొ కబడ్డీలో జట్ల ముందున్న ప్రశ్న కూడా ఇదే, అక్కడ లెక్క కోట్లలో ఉంటుంది, అంతే.

కొనడం తప్పని నేననను. కూత ఒంటరి పని. మంచి రైడర్, అంటే కూతకు వెళ్లేవాడు, ఏ జట్టులో చేరినా మొదటి మ్యాచ్ నుంచే పాయింట్లు తెస్తాడు. 2023 ప్రొ కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టింది అందుకే. పవన్ తన పని తను చేశాడు. జట్టు మాత్రం 22 మ్యాచుల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది.

నా లెక్కలో అసలు సంగతంతా పట్టు దగ్గరే, అంటే కూతకొచ్చినవాణ్ణి పట్టి ఆపడం దగ్గరే ఉంది. కార్నర్ కుర్రాడు (వరుస చివర నిలబడేవాడు) రైడర్ మడమ అందుకున్న క్షణంలోనే కవర్ (లోపలివైపు నిలబడేవాడు) వచ్చి నడుం మీద పడాలి. ఆలస్యమైతే రైడర్ కార్నర్‌ను ఈడ్చుకుంటూ మధ్య లైన్ అందుకుంటాడు. తొందరపడితే ఇద్దరినీ అవుట్ చేసి పోతాడు. ఆ క్షణాన్ని కోచ్ బయటినుంచి అరిచి చెప్పలేడు. పక్కవాడి భుజం ఎటు వాలితే దూకబోతున్నాడో మనకు తెలిసిపోవాలి. రోజూ సాయంత్రం ఒకే మట్టిలో పొర్లితే తప్ప అది రాదు. పోటీకి ముందురోజు రాత్రి బస్సు దిగిన డిఫెండర్ ఎంత బలవంతుడైనా ఇక్కడే తడబడతాడు.

ప్రొ కబడ్డీలోనే పుణేరి పల్టన్ జట్టు అస్లాం ఇనాందార్‌ను, మోహిత్ గోయత్‌ను పెద్దగా పేరులేని రోజుల్లోనే తీసుకుని ఓపిక పట్టింది. 2022లో ఫైనల్లో ఓడినా ఆ కుర్రాళ్లను వదల్లేదు. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్లో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి కప్పు కొట్టింది. ఆ సీజన్‌కే ఇరాన్ డిఫెండర్ షాద్లూయీని 2 కోట్ల 35 లక్షలకు కొన్నమాట నిజమే. కానీ అతను వచ్చింది అప్పటికే కుదురుకున్న జట్టులోకి.

పిల్లల్ని పెంచడంలోనూ బాధ ఉంది. ఇంటర్ అయ్యాక చదువుకో పనికో చెన్నై, బెంగళూరు వెళ్లిపోతారు. కాస్త ఆట వచ్చినవాణ్ణి పక్క ఊరు తన్నుకుపోతుంది. అందుకే తొమ్మిది, పది తరగతుల పిల్లల్నుంచే మొదలుపెట్టి, ఒక్కో స్థానానికి ఇద్దర్ని సిద్ధం చేసుకోవాలి.



డబ్బు పెట్టే తీరాలంటే ఒక్క రైడర్‌ను తెచ్చుకోండి. కార్నర్లు, కవర్లు నలుగురూ ఊరి పిల్లలే ఉండాలి. మిగిలిన డబ్బు మోకాలి పట్టీలకు, సాయంత్రం ప్రాక్టీస్‌కి లైట్లకు పెట్టండి.