పాత సోలార్ వాటర్ హీటర్‌కు వైఫై థర్మోస్టాట్: కొన్నేళ్లు వాడాక తేలిన సంగతులు

అనంతపురం మిద్దెల మీద కనిపించే సోలార్ హీటర్లలో చాలావాటికి ఒకటే అమరిక. గాజు గొట్టాలు, 200 లీటర్ల ట్యాంకు, ట్యాంకు పక్క మూతలో కరెంటుతో నీళ్లు కాచే 2 కిలోవాట్ల కాయిల్, అనుకున్న వేడి రాగానే దాన్ని ఆపే నాబ్ థర్మోస్టాట్. మన దగ్గర ఎండకు కొదవ లేదు. కానీ నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే వరుసగా రెండు మూడు రోజులు మబ్బు వదలదు. కాయిల్ ఉన్నది ఆ రోజుల కోసమే. మిగతా ఏడాదంతా దాన్ని పని చేయకుండా ఆపి ఉంచడమే అసలు పని. వేడిని, వేళను రెండింటినీ ఫోన్ నుంచి సెట్ చేసుకోగల వైఫై థర్మోస్టాట్ పెట్టె కొనడానికి నాకు తెలిసిన బలమైన కారణం ఇదొక్కటే.

పాత థర్మోస్టాట్‌కు వేడి తెలుసు, వేళ తెలియదు. స్విచ్ వేసి వదిలేస్తే జరిగేది ఇది. రాత్రి ఇంట్లో అందరి స్నానాలకూ 100 లీటర్ల వేడినీళ్లు పోతాయి, ఆ మేరకు కింద నుంచి 26 డిగ్రీల చన్నీళ్లు వస్తాయి. థర్మోస్టాట్ 60 మీద ఉంటే కాయిల్ వెంటనే అందుకుంటుంది, తెల్లారేలోపు దాదాపు 4 యూనిట్లు కాలుస్తుంది. పొద్దున ఎండ వచ్చేసరికి ట్యాంకు అప్పటికే వేడిగా ఉంటుంది, సూర్యుడి వేడికి అందులో చోటుండదు. మే నెలలో కూడా సోలార్ ఉన్న ఇంటికి కరెంటు బిల్లు ఎందుకు తగ్గలేదంటే చాలాచోట్ల కారణం ఇదే. చేత్తో ఆన్ ఆఫ్ చేస్తాం అనుకునే ఇళ్లలో ఆన్ చేయడం గుర్తుంటుంది, ఆపడం గుర్తుండదు.

లెక్క ఒకటి మనసులో పెట్టుకుంటే సెట్టింగులు సులువు. 200 లీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 0.23 యూనిట్ కావాలి, అంటే 2 కిలోవాట్ల కాయిల్‌కు ఏడు నిమిషాలు. 30 నుంచి 45కి తేవాలంటే మూడున్నర యూనిట్లు, గంటా ముప్పావు. కాయిల్ ట్యాంకు మధ్య ఎత్తులో ఉంటే పైసగం నీళ్లే వేడెక్కుతాయి, టైమూ సగమే పడుతుంది. వోల్టేజీ 200కి పడిపోతే 2 కిలోవాట్ల కాయిల్ ఒకటిన్నర కిలోవాట్లే ఇస్తుంది. పల్లెల్లో ఈ లెక్క ఇంకా అవసరం.

ఏ కంపెనీది కొనాలి అన్నదానికంటే ఇవి చూసుకోవడం ముఖ్యం. నీటిలో పెట్టదగిన స్టీల్ తొడుగు ప్రోబ్, అంటే వేడి కొలిచే కడ్డీ, విడిగా రావాలి. పెట్టె లోపల కరెంటును కలిపి తెంపే స్విచ్, అంటే రిలే, 16 ఆంపియర్లది కాకుండా 20 ఆంపియర్లది ఉండాలి. ఉష్ణోగ్రతను బట్టి ఆన్ ఆఫ్ చేసే నియమం పెట్టెలోనే నడవాలి, ఇంటర్నెట్ పోతే ఆగకూడదు. ఉత్త వైఫై ప్లగ్గు వద్దు, అది టైమరే కానీ థర్మోస్టాట్ కాదు. పెట్టెతో పాటు రెండు పోల్స్ ఉన్న 25 ఆంపియర్ల కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు మోసే పెద్ద స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేది) కావాలి. అన్నీ అనంతపురం పాతూరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే సామానే.

కాంటాక్టర్ అదనపు ఖర్చు అనిపిస్తుంది గానీ నేను మాత్రం వదలను. 2 కిలోవాట్లంటే 8.7 ఆంపియర్లు. చిన్న రిలే మోయగలదు, కానీ ఏళ్ల తరబడి ఆన్ ఆఫ్ అయ్యే కొద్దీ కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు ఫోన్‌లో ఆఫ్ అని కనిపిస్తుంది, పైన కాయిల్ మండుతూనే ఉంటుంది. కాంటాక్టర్ ఉంటే రిలే మీద పడే భారం కాంటాక్టర్ లోపలి చిన్న కాయిల్‌ది మాత్రమే, హీటరు కరెంటును కాంటాక్టర్ మోస్తుంది. పైగా ఫేజు, న్యూట్రల్ రెండూ తెగుతాయి. 3 కిలోవాట్ల కాయిల్ అయితే 13 ఆంపియర్లు. దానికి ఎంసీబీ 20 ఆంపియర్లది, మిద్దె దాకా వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయాలి. 2 కిలోవాట్లకు 2.5 సరిపోతుంది. పాత ఇళ్లలో అల్యూమినియం వైరుంటే ఇదే అదనుగా మార్చేయండి. స్క్రూ కింద అది మెల్లగా వదులై, టెర్మినల్ నల్లబడి, చివరికి కరుగుతుంది. రాగి వైరైనా సరే, బిగించిన నెల తర్వాత మెయిన్ ఆపి స్క్రూలు మరోసారి బిగించాలి.

పాత థర్మోస్టాట్‌ను తీసేయకండి. ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుంచుకుంటే ఇదే గుర్తుంచుకోండి. దాన్ని 60 దగ్గర ఉంచి, కొత్త పెట్టె తర్వాత అదే లైనులో కొనసాగించాలి. కొత్తది పాడై ఆన్‌లో ఉండిపోతే నీళ్లు మరగకుండా ఆపేది ఆ పాత నాబే. ఎలక్ట్రీషియన్ పాతదాన్ని తప్పించి డైరెక్ట్ చేసేద్దాం అంటే ఒప్పుకోవద్దు.

పని మొదలుపెట్టే ముందు కాయిల్ పరీక్ష. కరెంటు ఆపి, వైర్లు విప్పి మీటరు పెడితే 2 కిలోవాట్లకు సుమారు 26 ఓమ్‌లు చూపాలి, 3 కిలోవాట్లకు 17 లేదా 18. కాయిల్‌కూ ట్యాంకు లోహానికీ మధ్య మెగ్గర్‌లో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఒక మెగా ఓమ్ కంటే ఎక్కువ రావాలి. ఇన్నాళ్లూ ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అది పెట్టగానే ట్రిప్ అయితే తప్పు దానిది కాదు, కాయిల్ ఎప్పటి నుంచో లీకవుతోందన్నమాట. ఎండాకాలమంతా వాడకపోతే కాయిల్ లోపలి పొడి తేమ పీల్చి, వానాకాలం మొదటి రోజునే ట్రిప్ చేయడం కూడా మామూలే. నెలకోసారి పది నిమిషాలు ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెడితే ఆ బాధ ఉండదు.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎక్కువ అమరికలు దెబ్బతింటాయి. వేడినీళ్లు దిగే పైపుకు కట్టేయడం అందరికీ తట్టే సులువైన దారి, అదే పనికిరానిది. నీళ్లు కదలనప్పుడు ఆ పైపు బయటి గాలి వేడినే చూపుతుంది. జనవరి తెల్లవారుజామున ట్యాంకులో 48 ఉన్నా పైపు 18 అంటుంది, కాయిల్ ఊరికే కాలుతుంది. ట్యాంకుకు వాడని రంధ్రం ఏదైనా ఉంటే అందులో అర అంగుళం మరలున్న పాకెట్ (ప్రోబ్ దూరే, ఒక కొన మూసిన గొట్టం) బిగించి ప్రోబ్ లోపలికి దించడం అన్నిటికన్నా మేలు. లేకపోతే ట్యాంకు పైనుంచి మూడో వంతు కిందకు, పైరేకును మాత్రం 25 మిల్లీమీటర్ల హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం) కోసి, లోపలి ఫోమును స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తవ్వి, ట్యాంకు లోహానికి థర్మల్ పేస్టుతో ప్రోబ్ ఆనించాలి. ఫోము దాదాపు 50 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫోము తవ్వడానికి డ్రిల్లు వాడితే ట్యాంకే చిల్లు పడుతుంది. తర్వాత తవ్విన ఫోమునే తిరిగి కూరి, సిలికాన్‌తో మూయాలి. ఇలా పెట్టిన ప్రోబ్ రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ చూపుతుంది. కుళాయి దగ్గర థర్మామీటరు పెట్టి తేడా ఎంతో రాసుకుని, సెట్టింగులో సరిచేస్తే సరిపోతుంది.

పెట్టెను మిద్దె మీద పెట్టకండి. మెట్ల గది లోపల నీడలో ఉండాలి, ప్రోబ్ వైరే బయటికి వెళ్లాలి. ఆ వైరు పొడిగించాల్సి వస్తే షీల్డ్ ఉన్న మూడు తీగల కేబుల్ వాడండి, కరెంటు వైరున్న పైపులోనే దూర్చకండి. ఇలాంటి పెట్టెల్లో ఎక్కువగా ఉండేది డీఎస్18బీ20 సెన్సర్. అది కరెంటు అందిన వెంటనే, కొలవకముందు 85 అని చూపడం దాని స్వభావం. చన్నీళ్ల వేళ ఉన్నట్టుండి 85 కనిపిస్తుంటే నీళ్లు కాగాయని కాదు, ఎక్కడో జాయింటు వదులైందని. ప్రోబ్‌ను పూర్తిగా పీకేసి కూడా చూడాలి. పీకగానే రిలే ఆఫ్ అవ్వాలి. కాకపోతే ఆ పెట్టె వాపసు ఇచ్చేయండి.

ఇక సెట్టింగులు. నియమం తెల్లవారుజామున 4:30 నుంచి 6:30 వరకే పని చేయాలి. 42 కంటే తగ్గితే ఆన్, 46కి రాగానే ఆఫ్. నాలుగు డిగ్రీల తేడా లేకపోతే కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. స్నానానికి 40 చాలు కాబట్టి 46 ధారాళం. ఏకధాటిగా రెండు గంటలు దాటితే ఏం జరిగినా ఆఫ్ అవ్వాలన్న పరిమితి కూడా పెట్టండి. ఎందుకంటే కోతులు గెంతి గాజు గొట్టం పగిలితే ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆ సంగతి పెట్టెకు తెలియదు, నీళ్లు లేకున్నా కాయిల్‌ను ఆన్‌లోనే ఉంచుతుంది. మబ్బు రోజులు వారం దాకా సాగితే ఒకసారి చేత్తో 60కి తీసుకెళ్లడం మంచిది. గోరువెచ్చటి నీళ్లు రోజుల తరబడి నిలిస్తే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. అప్పుడు పాత నాబ్‌ను కొంచెం పైకి తిప్పి, పని అయ్యాక మళ్లీ 60కి తేవాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె ఏ స్థితిలో లేవాలో అడిగే సెట్టింగు ఉంటుంది. దాన్ని తప్పకుండా ఆఫ్‌లో ఉంచండి, చాలా పెట్టెలు ముందున్న స్థితితో లేస్తాయి. కొన్ని పెట్టెలు టైమును ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటాయి కాబట్టి రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండాలి. వీటిలో ఎక్కువవి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. కింది అంతస్తు రౌటర్ సిగ్నల్ రెండు శ్లాబులు దాటి మెట్ల గదికి అందుతుందో లేదో ముందు ఫోన్‌తో చూసుకోండి.

ఇన్నాళ్లలో బాగా మిగిలింది యూనిట్లే కాదు, కాయిల్ కూడా. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వేడి పెరిగే కొద్దీ అది కాయిల్ మీద గడ్డకడుతుంది, ఆ పొర కింద కాయిల్ అతిగా వేడెక్కి పగులుతుంది. 60 దాకా కాగే చోట 46 దగ్గర ఆగడం వల్ల పొర పెరగడం బాగా నెమ్మదించింది. అయినా ఏడాదికోసారి, దసరా ముందు, మూత విప్పి చూడాల్సిందే. పొరను సుత్తితో కొట్టి రాల్చొద్దు, తొడుగు పగులుతుంది. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి రెండు గంటలు నానబెడితే ఊడివస్తుంది. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ కొత్తది వేయండి. పాతది ఒకసారి విప్పాక మళ్లీ సరిగా పట్టదు, కారిన నీళ్లు నేరుగా టెర్మినళ్ల మీద పడతాయి.

ఇంట్లో ఇద్దరే ఉండి, 100 లీటర్ల ట్యాంకు ఉండి, కాయిల్ ఏడాదికి నాలుగైదుసార్లే వేసేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్లకు ఆర్‌సీసీబీ, రెండు గంటలకు ఆగే మామూలు కౌంట్‌డౌన్ టైమర్ చాలు. నలుగురైదుగురు ఉండి, రాత్రి స్నానాలు ఎక్కువగా ఉండి, కాయిల్ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే ఇళ్లు మాత్రం వచ్చే వాయుగుండం దాకా ఆగకుండా పెట్టించుకోవచ్చు.